అమ్మమ్మ నీళ్ళు పోస్తానంటోంది… వద్దనేదెలా?

ప్రశ్న: నాకిప్పుడు తొమ్మిదో నెల. మొదటి కాన్పు కాబట్టి సీమంతం కాగానే పుట్టింటికి వచ్చేశాను. మా ఊళ్ళో సగం మంది పిల్లలకి నీళ్ళు పోసింది మా అమ్మమ్మే. 78 ఏళ్ళున్నా ఓపిక తగ్గలేదు. ఇప్పటికే వంటాముదం తీసి సీసాకెత్తింది, వసకొమ్ము కాల్చి డబ్బాలో దాచింది, అటక మీది ఉగ్గుగిన్నె దింపి చింతపండు పెట్టి తోమింది. బిడ్డ పుట్టగానే తేనె నాకిస్తానంటోంది. డాక్టరుగారేమో ఇవేవీ వద్దన్నారు. మా ఆయన ఫోన్లో "ఆవిడ చేతికి బిడ్డనివ్వకు" అంటున్నారు. అమ్మమ్మ తొలిచూలు బిడ్డ తొమ్మిదో రోజున పోయిందట. చలిగాలి సోకి పోయిందని, తర్వాత నలుగురినీ తన పద్ధతుల్తోనే నిలుపుకున్నానని చెబుతుంది. ఆవిడ మనసు కష్టపెట్టకుండా నా బిడ్డని కాపాడుకునేదెలా?

సమాధానం: ముందు మీ ఆయన మాట సంగతి చూద్దాం. చేతికివ్వకు అనడం ఫోన్లో తేలిక. కాన్పయ్యాక రాత్రి రెండింటికి బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, మీరు కుట్ల నొప్పితో లేవలేకపోతుంటే, ముందుగా లేచి వచ్చేది అమ్మమ్మే. ఇంకో చిక్కు కూడా ఉంది. కసురుకున్న ఇంట్లో ఈ పనులు ఆగిపోవు, చాటుకి వెళ్తాయి. బిడ్డ నలతగా ఉంటే డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "ఏమైనా పోశారా, నాకించారా?" అన్నదే. తిట్టు తిన్న మనిషి దానికి "ఏమీ లేదండీ" అంటుంది. ఆ అబద్ధం వల్ల వైద్యం దారి తప్పుతుంది. అందుకని అమ్మమ్మ మీకు ఏదీ దాచకుండా చెప్పేలా చూసుకోవడమే మీ మొదటి పని.

ఆవిడ అంత గట్టిగా నమ్మడానికి కారణం ఉంది. పసిపిల్లల ఇబ్బందుల్లో చాలావాటికి గడువు కట్టినట్టే ఉంటుంది. పొద్దుగుంకే వేళకి మొదలయ్యే ఏడుపు ఆరో వారానికి పతాక స్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. నెలలు నిండి పుట్టినవాళ్ళలో మామూలు పసిరికలు రెండు వారాల్లో పోతాయి. బొడ్డు ఎక్కువగా 5 నుంచి 15 రోజుల్లో ఊడుతుంది. మొదటి రెండు రోజులు నల్లగా జిగురుగా ఉన్న మలం ఐదో రోజుకల్లా పసుపుపచ్చగా మారుతుంది. ఈ గడువులోపల మనం ఏం పోసినా, ఏం పూసినా, మంచి పేరు దానికే దక్కుతుంది. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టి ఇప్పటికీ బతికి బట్టకట్టింది ఇలాగే. తొలి మిశ్రమంలో 3.6 శాతం ఆల్కహాలు ఉండేది. ఇక నిలవని బిడ్డల లెక్క చలిగాలి కిందికో, దిష్టి కిందికో, బాలగ్రహం కిందికో వెళ్ళిపోయేది. ఆముదం ఖాతాలో మాత్రం ఎవరూ రాయలేదు. కాబట్టి "నలుగురిని పెంచాను" అన్న మాట అబద్ధం కాదు. ఆవిడ కళ్ళతో చూసిందే చెబుతోంది.

దీన్ని ముసలివాళ్ళ అజ్ఞానం అని మీ ఆయన అనబోతే ఈ సంగతి చెప్పండి. 1940లలో నెలలు తక్కువ పుట్టిన పిల్లల్ని వెచ్చటి పెట్టెల్లో (ఇంక్యుబేటర్లలో) పడుకోబెట్టి ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చేవారు. ఊపిరి అందని బిడ్డకి గాలి ఎక్కువైతే నష్టమేముంది అనుకున్నారు. ఆ ఆక్సిజనే కంటి వెనక రెటీనాలో రక్తనాళాల ఎదుగుదలని దెబ్బతీసింది. 1950ల నడుమకి వచ్చేసరికి ప్రపంచం మొత్తం మీద సుమారు 10,000 మంది పిల్లలు చూపు పోగొట్టుకున్నారు. వాషింగ్టన్‌లో ఆర్నాల్ పాట్జ్ అనే కంటి డాక్టరు సగం మంది పిల్లలకి ఆక్సిజన్ తగ్గించి తేడా చూడబోతే, కొందరు నర్సులు రాత్రిళ్ళు చడీచప్పుడు లేకుండా వచ్చి వాళ్ళకీ గొట్టం తిప్పి పెంచేసేవారు. పసివాళ్ళని డాక్టరు ఊపిరాడకుండా చంపేస్తున్నాడని వాళ్ళ బాధ. చదువుకున్నవాళ్ళు, ఆ పిల్లల మీద ప్రాణం పెట్టినవాళ్ళు చేసిన పని అది. (ఒకవేళ మీ బిడ్డ 34 వారాల లోపు పుట్టినా, బరువు రెండు కిలోలకి తగ్గినా, రెటీనా పరీక్ష 30 రోజుల్లోపు చేయించాలి. 28 వారాల లోపైతే ఇంకా ముందే. కాన్పు హడావిడిలో చాలామంది మర్చిపోయేది ఇదే.)

పడకదీ ఇలాంటి కథే. వాంతి గొంతుకి అడ్డం పడుతుందన్న భయంతో అమెరికాలోనూ యూరప్‌లోనూ డాక్టర్లు కొన్ని దశాబ్దాలు పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టమన్నారు. నిద్రలో పోయిన పిల్లలు వేలల్లో తేలాక, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 1992లో మాట మార్చుకుంది. వెల్లకిలా పడుకోబెట్టడం మొదలయ్యాక ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మన అమ్మమ్మలు వాళ్ళ పిల్లల్ని ముందునుంచీ వెల్లకిలానే పడుకోబెట్టారు. ఈ ముక్క మీ అమ్మమ్మకి తప్పకుండా చెప్పండి. ఆవిడ పద్ధతుల్లో డాక్టర్లకన్నా ముందున్నవీ ఉన్నాయని మీ నోట వింటే, మిగతా మాటలు చెవికెక్కుతాయి.

ఇక అసలు పని. ఇప్పుడే, కాన్పుకి ముందే, ఒక మధ్యాహ్నం తీరిగ్గా కూర్చోబెట్టి అడగండి: "అమ్మమ్మా, పుట్టిన రోజు నుంచి పురిటి స్నానం దాకా ఏమేం చేస్తావో వరసగా చెప్పు, రాసుకుంటాను." నిజంగానే రాయండి. ఒక్కోదాని దగ్గర "ఇది ఎందుకు?" అని మాత్రం అడగండి, తప్పొప్పులు ఎంచొద్దు. ఆ "ఎందుకు" మీకు చాలా అవసరం. వద్దన్న ప్రతిదానికీ ఆ అవసరం తీర్చే మరో దారి చూపించాలి కదా. రాసిన కాగితం పట్టుకుని ఈసారి చెకప్‌కి ఆవిడనీ వెంట తీసుకెళ్ళండి. మనవరాలు చెబితే ఎదురు చెప్పినట్టు, డాక్టరు చెబితే సలహా. అల్లుడు చెబితే మాత్రం గొడవే. మీ ఆయన్ని కొన్నాళ్ళు ఊరుకోమనండి. ఆశా కార్యకర్త కూడా మీకు అండ. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఊళ్ళో మనిషి, అమ్మమ్మకి వరసైన మనిషి అయితే మరీ మంచిది.

ఆ కాగితంలో బేరం లేకుండా కొట్టేయాల్సినవి కొన్నున్నాయి.

తేనె. ఒక్క చుక్కైనా, ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో బొట్యులిజం కలిగించే క్రిమి బీజాలు ఉండొచ్చు. అడవి తేనె, కొన్న తేనె అన్న తేడా లేదు. కాచినా చావవు. పెద్దవాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తలేవు, పసిపేగులో మొలకెత్తి విషం వదులుతాయి. మొదట మలబద్ధకం, తర్వాత రెప్పలు వాలడం, ఏడుపు నీరసించడం, పాలు పీల్చలేకపోవడం, చివరికి ఊపిరి ఆడించే కండరాలే పనిచేయకపోవడం. అరుదే. కానీ వస్తే వారాల తరబడి వెంటిలేటరు మీదే. మరి నాలికకి మొదటి రుచి బంగారు ఉంగరంతో తాకించాలన్న ముచ్చట ఉంటే? ఉంగరం సబ్బుతో కడిగి, మరిగే నీళ్ళలో వేసి తీసి, మీ ముర్రుపాల చుక్కతో తాకించమనండి. శాస్త్రమూ తప్పదు, ఏమీ కాదు.

ముర్రుపాలు పిండి పారబోయడం కూడా ఈ కోవలోదే. "పసుపుగా చిక్కగా ఉన్నాయి, అరగవు" అంటారు. మీ ఊళ్ళో పాడి ఉంటుంది కదా, అమ్మమ్మనే అడగండి: ఈనిన ఆవు దగ్గర మొదటి పాలన్నీ జున్నుకి పిండేసి దూడని కట్టేస్తే ఏమవుతుంది? దూడ నిలవదని ఆవిడకి మనకన్నా బాగా తెలుసు. పుట్టిన గంటలోపు రొమ్ముకి అందించండి, సిజేరియనైనా అంతే. మొదటి రోజంతా కలిపి పడేది సగటున 30 మిల్లీలీటర్లు. బిడ్డ కడుపుకి అదే కొలత. "పాలు పడలేదు, పోతపాలు పట్టండి" అన్న కంగారంతా ఈ కొలత తెలియకే. రోజుకి 8 నుంచి 12 సార్లు పట్టాలి. ఐదో రోజు నుంచి ఆరుసార్లకి తక్కువ కాకుండా ఉచ్చ పోస్తూ, రెండు వారాల్లో పుట్టినప్పటి బరువుకి చేరితే పాలు సరిపోతున్నట్టే. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా అక్కర్లేదు, రోహిణి కార్తె అయినా సరే.

ఆముదం. ఉగ్గు అంటేనే తల్లిపాలలో ఆముదం కలిపి పట్టేది కాబట్టి, దీన్ని వదలడం ఆవిడకి కష్టంగా ఉంటుంది. కడుపులో నల్లమలం కడిగేయాలన్నది ఆవిడ ఉద్దేశం. ఆ పని ముర్రుపాలే చేస్తాయి, వాటికి విరేచనకారి గుణముంది. ఆముదంతో రెండు ప్రమాదాలు. పెద్దవాళ్ళకి సుఖవిరేచనమయ్యేది పసివాళ్ళ ఒంట్లో నీరంతా లాగేస్తుంది. రెండోది దొంగచాటుగా వస్తుంది. నీళ్ళు పొలమారితే బిడ్డ దగ్గుతుంది, నూనె దగ్గు రానివ్వకుండా జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అక్కడ అరగదు, బయటికి రాదు. ఆ న్యుమోనియా మామూలు యాంటీబయాటిక్‌తో లొంగదు. ముక్కులో, చెవిలో పోసే నూనె చుక్కలూ ఇందుకే వద్దు. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి గిన్నె వంచడం అన్నిటికన్నా ప్రమాదం.

వస గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. మాటకారి పిల్లని వసపిట్ట అని పిలుచుకునే భాష మనది. కానీ ఆ కొమ్ములో బీటా అసరోన్ అనే పదార్థం ఉంది, మన దేశపు రకంలో ఎక్కువే ఉంది. జంతువుల్లో కాన్సరు కలిగించిందని అమెరికా ప్రభుత్వం 1968లోనే వసని ఆహారపదార్థాల్లో వాడకుండా నిషేధించింది. దీనికితోడు అరగదీసే సానరాయి, కలిపే తేనె, తాకే వేలు. వాంతులకీ విరేచనాలకీ అవి చాలు. మాటలు బిడ్డ మొహానికి జానెడు దూరంలో ఎవరైనా మాట్లాడుతుంటే వస్తాయి. జోలపాటలు అమ్మమ్మకి వచ్చినన్ని మీకెలాగూ రావు.

బొడ్డుకి ఏమీ పూయొద్దు. పసుపు, బూడిద, నూనె, పేడ ఏదీ వద్దు. పొడిగా వదిలేసి, లంగోటీ బొడ్డు కిందికి మడవండి. కళ్ళలో కాటుక వద్దు. సుర్మాలాంటి వాటిలో సీసం ఉంటుంది, ఇంట్లో పట్టిన కాటుకైనా వేలి మురికి కంట్లోకి చేరుతుంది. మగబిడ్డైనా ఆడబిడ్డైనా రొమ్ములు కాస్త ఉబ్బి పాలచుక్క కనిపిస్తే పిండనివ్వొద్దు. అది తల్లి హార్మోన్ల వల్లే, కొన్ని వారాల్లో తగ్గుతుంది, పిండితే చీము పడుతుంది. పసిరికలకి చెవిలో ఆకుపసరు, పొట్ట మీద వాతలు అసలే వద్దు. పొద్దుటి ఎండ కూడా కాంతి చికిత్సకి బదులు కాదు.

సాంబ్రాణి పొగా, మంచం కింద కుంపటీ కూడా వద్దు. తలుపులు మూసిన పురిటి గదిలో బొగ్గులు కాలితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, మత్తుగా నిద్ర పట్టినట్టే ఉంటుంది. అమ్మమ్మ భయం చలి గురించి. ఆ భయం నూటికి నూరుపాళ్ళూ సరైనదే. పుట్టిన బిడ్డ ఒళ్ళు చల్లబడటం నిజంగా ప్రాణాంతకం. అందుకే 24 గంటలదాకా స్నానమే వద్దంటారు. కుంపటికి బదులు మనిషి ఒంటి వేడి వాడండి. బిడ్డకి టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రం ఉంచి, ఉత్త ఒంటిని అమ్మమ్మ ఎదకి ఆనించి, పైన చీర చెంగో శాలువాయో చుట్టాలి. గంటసేపు అలా ఉంచినా మంచిదే. బరువు తక్కువ పిల్లలకి ఆసుపత్రుల్లో చేసే కంగారూ పద్ధతి ఇదే. మీరు స్నానానికి వెళ్ళినప్పుడూ కునుకు తీసినప్పుడూ ఈ పని ఆవిడకి అప్పజెప్పండి. మొదటిసారి చేశాక ఆవిడ కుంపటి మాట ఎత్తదని అనుకుంటున్నాం.

నీళ్ళు పోయడం ఆవిడ హక్కులాంటిది, దాన్ని తీసుకోకండి. బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడిస్తే చాలు. తర్వాత పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డనేసుకుని పోసే పద్ధతి బాగానే ఉంటుంది. మీరో, మీ అమ్మో పక్కన తువ్వాలుతో నిలబడండి. నీళ్ళు మోచేత్తో చూస్తే గోరువెచ్చగా తగలాలి. ఐదు పది నిమిషాల్లో ముగించాలి. కొబ్బరినూనెతో మెత్తగా మర్దనా చేస్తే చర్మానికి మంచిదే. మాడు మీద రాయొచ్చు, నొక్కకూడదు. ముక్కు సాగదీయడం, తల గుండ్రంగా ఒత్తడం, గొంతులో వేలు పెట్టి కఫం తీయడం, కాళ్ళు పట్టి తలకిందులు చేయడం ఉండకూడదు. సున్నిపిండి గరుకు, కొన్ని నెలలు ఆగమనండి. దిష్టిచుక్క అరికాల్లో పెట్టుకోవచ్చు. నల్లతాడు మెడకి కాకుండా నడుముకో కాలికో, వేలు దూరేంత వదులుగా కట్టొచ్చు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి ఆరుబయట నిప్పుల్లో వేస్తే ఎవరికీ నష్టం లేదు.

మీ సంగతి కూడా అడగలేదు గానీ చెప్పాలి. బాలింతకి నీళ్ళు తక్కువ, కూరలు లేవు, పాతబియ్యపు అన్నంలో వెల్లుల్లి కారం మాత్రమే అన్న పథ్యం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి పాతుకుపోయి ఉండేది. బాగా పాలిష్ పట్టిన బియ్యంలో బి1 విటమిన్ ఉండదు, తల్లి అదే తింటే పాలలోనూ ఉండదు, రొమ్ముపాలు తాగే బిడ్డ గొంతు బొంగురుపోయి గుండె ఆగిపోతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మొదలైందే బెరిబెరి పరిశోధనకి. కాబట్టి వెల్లుల్లి కారం ఉండనివ్వండి, సొరపుట్టు (సొరచేప పొడికూర) మీ వైపు దొరికితే పెట్టించుకోండి, దానికి పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు కలపండి. మొదటి ఆరు నెలలు రోజుకి అదనంగా 600 కేలరీలు కావాలి. పాలిచ్చేటప్పుడల్లా పక్కన గ్లాసుడు నీళ్ళు. ఐరన్ మాత్ర 180 రోజులు, కాల్షియం ఆరు నెలలు.

ఆ తొమ్మిదో రోజు బిడ్డ విషయం చివరికి ఉంచాం, ఎందుకంటే మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది అక్కడే. ఆ రోజుల్లో వారం పది రోజుల పసికందులని తీసుకుపోయే జబ్బుల్లో ధనుర్వాతం ఒకటని, బొడ్డుకి పూసినవాటి నుంచి వచ్చేదని మీరు ఎక్కడో చదివే ఉంటారు. ఆ మాట అమ్మమ్మ ముందు ఎత్తకండి. ఎందుకు పోయిందో ఇప్పుడెవరూ చెప్పలేరు, చెప్పి చేసే మేలూ లేదు. అరవై ఏళ్ళుగా చలిగాలి మీద వేసుకున్న నేరాన్ని ఆవిడ చేతుల మీదికి మార్చినట్టవుతుంది, అంతే. అడగాలనుకుంటే ఆ బిడ్డ ఎలా ఉండేదో అడగండి. ఆ రోజుల్లో ధనుర్వాతం ఇంజక్షన్లు గర్భిణులకి వేసేవాళ్ళు లేరు, మీకు వేశారు. 2015లో మన దేశంలో తల్లీబిడ్డల ధనుర్వాతం ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. "నీకప్పుడు లేని ఇంజక్షన్ నాకుంది అమ్మమ్మా" అంటే చాలు.

ఇంత చేసినా ఒకరోజు మీరు నిద్రలేచేసరికి బిడ్డ పెదవికి తేనె జిగురు కనిపించొచ్చు. అరవకండి. ఎంత, ఎప్పుడు, ఏది అని మెల్లగా అడిగి కాగితం మీద రాసి డాక్టరుకి ఫోన్ చేయండి. వాంతి చేయించే ప్రయత్నం వద్దు. పాలు పీల్చకపోవడం, ఒళ్ళు వేలాడిపోవడం, నిమిషానికి 60కి మించి ఊపిరి, డొక్కలు ఎగరేయడం, ఒళ్ళు 37.5 డిగ్రీల సెల్సియస్‌కి చేరడం లేదా 35.5 కంటే దిగడం, మూర్ఛ, పుట్టిన 24 గంటల్లోపే పసిరికలు, అరచేతులకీ అరికాళ్ళకీ పాకిన పసుపు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి చేయండి.

ఇక ఉగ్గుగిన్నె. చింతపండు పెట్టి తోమారంటే ఇత్తడిదో రాగిదో అయ్యుంటుంది. కళాయి లేని ఇత్తడిలో పాలు కాచినా నిలవ ఉంచినా రాగి దిగుతుంది. పసిపిల్లల కాలేయం గట్టిపడే ఒక జబ్బు మన దేశంలో ఇలాగే వచ్చి, స్టీలు గిన్నెలొచ్చాక దాదాపు కనుమరుగైంది. దాన్ని అల్మారాలో పెట్టి, వెండిదో స్టీలుదో ఒకటి అమ్మమ్మ చేత్తోనే కొనిపించండి. దక్షిణాది ఆసుపత్రుల్లో నెలలు తక్కువ పిల్లలకి తల్లిపాలు పట్టేది సరిగ్గా అలాంటి ముక్కు గిన్నెతోనే, పాలాడ అంటారు. బిడ్డ రొమ్ము పట్టలేని రోజున పాల సీసా కన్నా అదే నయం, కడగడం తేలిక. ముందు గిన్నెని పది నిమిషాలు నీళ్ళలో మరగనివ్వాలి. మీరు పిండిన పాలు సగానికి పోసి, బిడ్డని సగం కూర్చున్నట్టు ఎత్తి పట్టుకుని, గిన్నె ముక్కు పెదవి మూలకి ఆనించాలి. చుక్క చుక్కగా వంచాలి, మింగినట్టు కనబడ్డాకే మళ్ళీ వంచాలి. నిద్రలో ఉన్న బిడ్డకి పట్టకూడదు. అమ్మమ్మకి చెయ్యి తిరిగిన పనే, కొత్తగా చెప్పాల్సింది చివరి రెండు ముక్కలే.